పార్కులో పిల్లలకు డకోటా వాళ్ళ చూపు గురించి చెప్పడం: నాకు తెలిసినంత

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీరు అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఒక పార్కులో వాలంటీరుగా ఉంటున్నారు. సెప్టెంబరు చివర్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలు వస్తున్నారు. ఇక్కడి మూలవాసులైన డకోటా వాళ్ళు ప్రకృతిని ఎలా చూస్తారన్న విషయం మీద గంటసేపు కార్యక్రమం చెయ్యమన్నారు. ఉంక్టోమి అనే సాలీడు కథ ఒకటి చెప్పి, పిల్లల చేత డ్రీమ్ క్యాచర్లు (వలలా అల్లి ఈకలు వేలాడదీసే చక్రాలు) చేయించి, చివర్లో ఒక ప్రార్థన చదవాలన్నది మీ ప్లాన్. అనుమానాలు రెండు: గుంటూరు నుంచి వచ్చిన మనిషి ఇవన్నీ చెప్పొచ్చా? 1862లో డకోటా వాళ్ళకీ అమెరికా సర్కారుకీ జరిగిన యుద్ధం సంగతి ఎత్తాలా, వద్దా?

ముందు ప్లాన్ సంగతి. ఏమీ అనుకోకండి, ఆ మూడూ తీసెయ్యండి.

డ్రీమ్ క్యాచర్ ఒజిబ్వే అనే వేరే మూలవాసి జాతిది, డకోటా వాళ్ళది కాదు. ఇద్దరూ మినెసోటా వాళ్ళే అయినా భాషా కుటుంబాలే వేరు. తెలుగు సంబరమని పిలిచి భాంగ్రా ఆడించినట్టు ఉంటుంది. సాలీడు కథ డకోటా వాళ్ళదే, కానీ ఆ రకం కథలు చలికాలంలో, నేల మీద మంచు ఉన్నప్పుడు చెప్పుకునేవి. సెప్టెంబరులో చెప్తే, తెలిసినవాళ్ళు మొహం మీద అనరు గానీ లోపల నొచ్చుకుంటారు. ఇక ప్రార్థన, ఆకుల పొగ వెయ్యడం, పొగాకు పైపు లాంటివి మనం ముట్టుకోకూడదు. అవి చేసి చూపించే అంశాలు కావు.

ఇదంతా పుట్టుకతో తెలిసినట్టు చెప్తున్నాను గానీ, నా మొదటి ఏడాది మీకంటే ఘోరం. అప్పట్లో నేనున్న పార్కులో (పేరు ఎందుకులెండి) పాతికమందికి ఒక నడక కార్యక్రమం చేశాను. మిన్నెహాహా జలపాతం పేరుకి "నవ్వే నీళ్ళు" అని అర్థం చెప్పి, నేనూ నవ్వి, అందరినీ నవ్వించాను. అది తప్పు. ఆ అర్థం 1855లో ఒక అమెరికన్ కవి రాసిన పెద్ద కావ్యం వల్ల ఊరంతా పాకింది. ఆయన ఈ జలపాతాన్ని కళ్ళారా చూడనేలేదు. డకోటా భాషలో మ్ని అంటే నీళ్ళు, హహ అంటే జలపాతం. నవ్వూ లేదు, ఏమీ లేదు. ఆరోజు వెనక వరసలో మనవళ్ళతో వచ్చిన ఒక డకోటా పెద్దావిడ ఉన్నారని నాకు తెలీదు. అంతా అయ్యాక నెమ్మదిగా దగ్గరికొచ్చారు. జలపాతం సంగతి చెప్పి, దానికంటే పెద్ద విషయం ఇంకొకటి అన్నారు. గంటసేపు నేను "అప్పట్లో వాళ్ళు ఇలా చేసేవారు, అలా ఉండేవారు" అనే మాట్లాడానట. ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారు కదా!

ఆ రాత్రి ఇంటికొచ్చి నా నోట్సు తీసి చూసుకున్నాను. నిజంగానే ఒక్క వర్తమాన కాలపు వాక్యం కూడా లేదు. మీరూ మీ నోట్సు ఒకసారి తీసి క్రియలన్నీ చూడండి. మినెసోటాలో ఇవాళ నాలుగు డకోటా సమాజాలున్నాయి: షాకొపీ మ్డెవాకాంటన్, ప్రెయిరీ ఐలాండ్, లోయర్ సూ, అప్పర్ సూ. షాకొపీ వాళ్ళు ఎవరో తెలీదనుకుంటాం గానీ, వాళ్ళ మిస్టిక్ లేక్ కాసినోకి దారి మాత్రం మనవాళ్ళలో చాలామందికి జీపీఎస్ లేకుండా తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డకోటా చూపు అనగానే చాలా పార్కుల్లో "ప్రకృతిని గౌరవించాలి" అని ఒక బోర్డు పెట్టి ఊరుకుంటారు. పిల్లలకు ఆ మాట చెవికెక్కదు. "హోంవర్క్ చెయ్యాలి" లాంటిదే అది కూడా. డకోటా వాళ్ళు చెప్పేది గౌరవం కన్నా ముందు చుట్టరికం. మిటకుయే ఒవాసిన్ అన్న మాట వినే ఉంటారు. అందరూ నా చుట్టాలే అని అర్థం, ఆ "అందరూ"లో మనుషులే కాదు, నీళ్ళు, చెట్లు, జంతువులు, రాళ్ళు కూడా ఉన్నాయి. ఇది అమెరికన్ శ్రోతలకి అర్థం చేయించడం కష్టం. మనకి ఎందుకు తేలికో చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి, కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఇంగ్లీషులో నాన్న తమ్ముడూ అంకులే, అమ్మ తమ్ముడూ అంకులే. మనకి ఒకరు చిన్నాన్న, ఇంకొకరు మేనమామ, ఇద్దరితో మన నడవడి ఒకటి కాదు. డకోటాలో నాన్నని అతే అంటారు, నాన్న అన్నదమ్ముల్నీ అతే అనే అంటారు. అమ్మ ఇనా, అమ్మ అక్కచెల్లెళ్ళూ ఇనాలే. మనం పెదనాన్నలో నాన్ననీ, పెద్దమ్మలో అమ్మనీ దాచుకున్నట్టే! మేనమామకి వేరే మాట ఉంది, డెక్షి. మేనత్తకి వేరే మాట, తున్విన్. మేనత్త, మేనమామల పిల్లలకి కూడా సొంత అన్నదమ్ముల మాట కాకుండా విడి మాటలున్నాయి, మన బావ, మరదలు లాగా. అయితే వాళ్ళలో మేనరికాలు లేవు. 1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ పండితుడు రకరకాల జాతుల బంధుత్వ పదాలతో పెద్ద పట్టికలు అచ్చువేశాడు. వాటిలో డకోటా మాటలూ ఉన్నాయి, తెలుగు మాటలూ ఉన్నాయి. ఆ పోలిక పట్టుకుని అమెరికా ఖండపు జాతులు ఆసియా నుంచే వచ్చాయని వాదించాడు. మాటల వరస చూసి చరిత్ర తేల్చే ఆ పద్ధతి తర్వాత నిలవలేదు. కానీ పోలిక మాత్రం కళ్ళ ముందు ఉంది.

వరస అంటే మనకి పిలుపు ఒక్కటే కాదు కదా. వరస తెలిస్తే ఎవరితో సరసమాడొచ్చో, ఎవరి ముందు కాలు మీద కాలు వేసుకోకూడదో, పెళ్ళిలో ఎవరు ఏం పెట్టాలో తెలుస్తుంది. డకోటా వాళ్ళలోనూ అంతే. బావామరదుల మధ్య వేళాకోళం, అత్తమామల ముందు మాట కూడా ఆచితూచి మాట్లాడటం. ఇప్పుడు అదే వరస నది దాకా, చెట్టు దాకా సాగిందనుకోండి. భూమి వాళ్ళకి ఉన్చి మకా, అంటే నేల నాయనమ్మ. నాయనమ్మ దగ్గర ఏం తీసుకోవచ్చు, అడగకుండా ఏం తీసుకోకూడదు, ఆవిడకి ఏం తెచ్చివ్వాలి అన్నవి ఎనిమిదేళ్ళ పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంట్లోనే తెలుసు. అందుకే మీ గంటలో "గౌరవం" అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా చూడండి. "చుట్టం" అనే మాట వాడండి.

మనం చందమామకి వరస కలిపాం, నేలతల్లి అన్నాం, గంగమ్మ అన్నాం. మీ పరిచయంలో ఆ మాట ఒకటి చెప్పుకోవచ్చు, పిల్లలకి సరదాగా ఉంటుంది. కానీ అక్కడితో ఆపండి. "మా సంస్కృతిలోనూ సరిగ్గా ఇదే" అని మొదలుపెడితే గంట మన గురించే అయిపోతుంది. పైగా గంగమ్మా అని మొక్కిన చేత్తోనే పువ్వుల కవరు నీళ్ళలోకి విసిరే అలవాటు మనకుంది, పెద్దగా గొప్పలు పోయే పరిస్థితి లేదు.

నా కార్యక్రమంలో పిల్లల్ని నది ఒడ్డున నిలబెట్టి, ముందు నది మనకేమిస్తుందో అడుగుతాను. చేపలు, తాగే నీళ్ళు, పడవలు అని చకచకా చెప్తారు. అప్పుడు, మరి మనం నదికి ఏమిస్తున్నాం అని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పుడు జేబులోంచి ఒక టీస్పూను ఉప్పు తీస్తాను, చలికాలంలో మంచు కరగడానికి డ్రైవ్‌వేల మీద చల్లే ఉప్పు. ఒక టీస్పూను ఐదు గ్యాలన్ల నీళ్ళని పాడుచేస్తుంది. ఒకసారి నీళ్ళలో కలిసిన ఉప్పుని తిరిగి తియ్యడం దాదాపు జరగని పని. "మా డాడీ బకెట్లతో చల్లుతాడు" అని ఎవరో ఒకరు అంటారు. ప్రతిసారీ అంటారు. ఉపన్యాసం ఇవ్వకండి, ఆ పిల్ల ఇంటికెళ్ళి డాడీతో మాట్లాడుకుంటుంది.

ఊరి పేర్లు మీకు ఇంకో పెద్ద ఆస్తి. పిల్లలు రోజూ డకోటా మాట్లాడుతున్నారు, వాళ్ళకే తెలీదు. మినెసోటా, మినియాపొలిస్, మిన్నెటోంకా అన్నిట్లోనూ ఉన్నది మ్ని, నీళ్ళు. మినెసోటా అంటే మబ్బు పట్టినట్టుండే నీళ్ళు, ఆకాశం నీడ పడ్డ నీళ్ళు అంటారు. మిన్నెటోంకా అంటే పెద్ద నీళ్ళు. మినియాపొలిస్ అయితే డకోటా నీళ్ళకి గ్రీకు పట్నం అతికించిన పేరు. బ్దోటే అంటే రెండు నీళ్ళు కలిసే చోటు, మినెసోటా నది మిస్సిస్సిప్పిలో కలిసే ఆ సంగమమే.

బ్దే అంటే చెరువు. మినియాపొలిస్‌లో కల్‌హూన్ చెరువు అని పిలిచినదానికి 2018లో పాత పేరు బ్దే మకా స్కా అధికారికంగా తిరిగి వచ్చింది. కల్‌హూన్ అంటే బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన రాజకీయ నాయకుడు. పేరు మార్పు మీద కోర్టుకెళ్ళారు, 2020లో రాష్ట్ర సుప్రీం కోర్టు బ్దే మకా స్కా పేరే ఉంటుందంది. మకా అంటే నేల, పైన చెప్పిన నేల నాయనమ్మలో ఉన్న మాటే. స్కా అంటే తెలుపు. ఇక్కడివాళ్ళు ఆ "బ్దే" పలకలేక నానా అవస్థ పడతారు, "బీడే" అంటారు. శబ్దం అనగలిగిన నోరు మనది, అందులోంచి "శ" తీసేస్తే చాలు. ఒక్క విషయంలోనైనా మనకి అడ్వాంటేజి ఉంది, వాడుకోండి. కానీ పలుకుబడి మాత్రం డకోటా మాట్లాడేవాళ్ళ రికార్డింగులు విని సరిచూసుకోండి, నా తెలుగు రాతని నమ్ముకోకండి.

తర్వాత నెలల పేర్లు. పార్కు పనికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. మార్చిని ఇష్తావిచయజన్ వి అంటారు, కళ్ళు నొప్పిపెట్టే నెల. పుస్తకంలో చదివినప్పుడు నాకూ అర్థం కాలేదు. ఒక మార్చి మధ్యాహ్నం పిల్లల్ని చెట్ల నీడలోంచి మంచు కప్పిన మైదానంలోకి తీసుకెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది, మంచు ఇంకా కరగలేదు. ఇరవైమందీ ఒక్కసారిగా కళ్ళు చికిలించి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు చెప్పాను నెల పేరు. ఒక బాబు కళ్ళు మూసుకునే "ఓ!" అన్నాడు. ఆ "ఓ"కి ఏ స్లైడూ సరిపోదు. ఏప్రిల్ పెద్దబాతులు (గీస్) గుడ్లు పెట్టే నెల, జూన్ స్ట్రాబెర్రీలు ఎర్రబడే నెల, డిసెంబరు జింకలు కొమ్ములు రాల్చే నెల. ఊరిని బట్టి, చెప్పే పెద్దల్ని బట్టి పేర్లు మారతాయి కాబట్టి "ఇవే అసలైనవి" అనకుండా, ఏ సమాజం వాళ్ళ జాబితా అయితే ఆ సంగతి చెప్పండి.

మీ సెప్టెంబరు పేరు వింటే మీరే సంతోషిస్తారు: ప్సిన్‌హ్నకెటు వి, వడ్లు ఆరబోసే నెల. ప్సిన్ అంటే వైల్డ్ రైస్. ఇది మన వరి జాతి కాదు, చల్లటి చెరువుల్లో తనంతట తాను మొలిచే వేరే గడ్డి. మనకి దగ్గరి పోలిక నివ్వరి ధాన్యం, ఎవరూ నాటకుండా నీళ్ళలో పండేది. సాలీడు కథ పోయిందని దిగులు పడకండి, మీ గంటకి ఇదే కథ.

ఎలా కోస్తారో చూపించండి. పడవలో ఇద్దరు. ఒకరు నిలబడి గెడతో నెట్టుతారు, ఇంకొకరు కూర్చుని ఒక చేతికర్రతో కంకుల్ని పడవలోకి వంచి, ఇంకో కర్రతో మెల్లగా రాలుస్తారు. మెల్లగా అన్నది ముఖ్యం. కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు. పండినవి పడవలో పడతాయి, కొన్ని నీళ్ళలో పడతాయి, పచ్చివి కంకికే ఉంటాయి. కొన్ని రోజులాగి మళ్ళీ వెళ్తారు. కర్రతో గట్టిగా బాదితే మొక్క విరిగి రెండో పంట పోతుంది. రాష్ట్రం నిబంధనలు కూడా ఈ పద్ధతినే కాపాడతాయి: కర్ర పొడవు 30 అంగుళాలు, బరువు ఒక పౌండు దాటకూడదు, పడవ 18 అడుగులు దాటకూడదు, మోటారు కుదరదు. నీళ్ళలో పడ్డ గింజ వృథా కాదు, వచ్చే ఏటి విత్తనం అదే. పిల్లల్ని అడగండి, అన్నీ పడవలోనే పడేలా మిషను చేస్తే ఏమవుతుందని.

పొట్టు తియ్యని గింజని చేతికివ్వండి. పొడుగాటి తోక ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరగరలాడుతుంది. ఆ సన్నటి ముళ్ళ వల్లే గింజ తలకిందులుగా దిగి బురదలో గుచ్చుకుంటుంది, మళ్ళీ పైకి రాదు. జూన్‌లో దీని ఆకులు నీటి మీద చాపలా పరుచుకుంటాయి. అప్పుడు నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే మొక్క వేళ్ళతో సహా లేచిపోతుంది. ఎక్కడో డ్యాం గేటు మూస్తే ఇక్కడ వంటింట్లో గింజ ఉండదు. అనుమతి ఉంటే వండిన అన్నం ఒక్కో చెంచా రుచి చూపించండి, అలర్జీల గురించి టీచర్‌ని ముందే అడిగి. షాపుల్లో దొరికే నల్లటి మెరిసే రకం మడుల్లో మిషన్లతో పండించింది, ఉడకడానికి ముప్పావు గంటకి తక్కువ పట్టదు. చెరువులో చేత్తో కోసి వేయించింది లేత గోధుమరంగులో ఉంటుంది, ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది. కొనేటప్పుడు దీన్ని కోసే స్థానిక జాతుల వాళ్ళ దగ్గరే కొనండి, ధర ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు 1862. ఎత్తాలా అంటే, ఎత్తాలి. ఎంత చెప్పాలన్నది వయసుని బట్టి. వడ్లు ఆరబోసే నెల గురించి చెప్పి, ఆ చెరువులు ఎవరి చేతుల్లోంచి ఎలా పోయాయో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మార్చిలో మేపుల్ చెట్ల దగ్గరికి, వేసవిలో చేలకి, శరదృతువులో వడ్ల చెరువుకి, తర్వాత వేటకి కదిలే బతుకది. 1851 ఒప్పందాలతో మినెసోటా నది పక్క సన్నటి పట్టీలోకి నెట్టారు. భూమికి బదులు ఇస్తామన్న సర్కారు సొమ్ము మీద, అప్పుల మీద బతకాల్సి వచ్చింది. 1862 వేసవిలో ఆ సొమ్ము ఆలస్యమైంది, సర్కారు ఏజెన్సీ గోదాముల్లో తిండి ఉండగానే జనం ఆకలితో ఉన్నారు. ఆగస్టులో యుద్ధం మొదలైంది. వందల మంది వలస కుటుంబాల వాళ్ళూ చనిపోయారు, అది కూడా దాచకూడదు. డిసెంబరు 26న మాన్‌కేటోలో 38 మంది డకోటా మగవాళ్ళని ఒకేసారి ఉరితీశారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు సుమారు 1,600 మందిని ఫోర్ట్ స్నెల్లింగ్ అనే సైనిక కోట కింద నది ఒడ్డున ఆ చలికాలమంతా నిర్బంధించారు. వందకు పైగా అక్కడే చనిపోయారు. మరుసటి ఏడు రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు.

ఆ ఒడ్డు ఇవాళ స్టేట్ పార్కు. బ్దోటే కూడా అక్కడే, చాలామంది డకోటా వాళ్ళు తమ పుట్టుక చోటుగా చెప్పుకునే సంగమం. పుట్టినచోటూ అదే, బందీలైనచోటూ అదే. మూడో తరగతి పిల్లలకి ఉరి గురించి చెప్పక్కర్లేదు. "ఈ చుట్టాల దగ్గరనుంచి వాళ్ళని బలవంతంగా పంపేశారు, చాలామంది చనిపోయారు, కొందరు మళ్ళీ తిరిగొచ్చారు, ఇవాళ ఇక్కడే ఉన్నారు" అంటే చాలు. అబద్ధం లేదు, భయమూ లేదు. టీచర్లకి మాత్రం ముందురోజే మొత్తం రాసి పంపండి. తిరిగి రావడం గురించి చెప్పడానికి మంచి ఉదాహరణ ఉంది: అప్పర్ సూ ఏజెన్సీ స్టేట్ పార్కుని 2023 చట్టం ప్రకారం 2024లో అప్పర్ సూ వాళ్ళకే అప్పగించారు. తమ పూర్వీకుల సమాధులున్న నేలకి టికెట్టు కొని వెళ్ళాల్సి వచ్చేది అప్పటిదాకా.

ఇక మీరు చెప్పొచ్చా అన్న ప్రశ్న. పేర్లు, నెలలు, గింజ, చరిత్ర, ఇవి చెప్పొచ్చు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పైకి చెప్తూ. నమ్మకాలు, కథలు, మొక్కులు వాళ్ళ నోటే రావాలి. అందుకని పార్కు వాళ్ళని బడ్జెట్ అడగండి. డకోటా పెద్దల్ని పిలిచి "ఎక్స్‌పోజర్ వస్తుంది" అని ఊరికే పంపడం నేను చాలాసార్లు చూశాను, సిగ్గేస్తుంది. డబ్బు, దారి ఖర్చు, భోజనం ముందే మాట్లాడండి. చాలామంది పెద్దల్ని అడగడానికి వెళ్ళేటప్పుడు పొగాకు ఇవ్వడం మర్యాద, మన తాంబూలం లాంటిదనుకోండి. ఎలా ఇవ్వాలో ఆ సమాజం వాళ్ళనే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. భోజనంలో పెద్దలకే ముందు వడ్డించాలి, ఇది మీకు చెప్పక్కర్లేదు. ఎవరూ దొరక్కపోతే గంటని నలభై నిమిషాలు చేసుకోండి, ఖాళీని మీరే కథలతో నింపకండి.

తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. నా దగ్గర తోకలున్న గింజలు ఒక సీసాడు ఉన్నాయి, పట్టుకెళ్దురు గాని. మూత మాత్రం గట్టిగా బిగించండి. పోయినసారి ఒకాయన కారు సీట్లో ఒలికాయి, ఇప్పటికీ ప్యాంటుకి గుచ్చుకుంటున్నాయట.